ఎప్పటినుంచి పడుతోందమ్మా

“లోపల ఊపిరి ఆగిపోతే వాళ్ళకి వెంటనే తెలుస్తుందంటారా?” అంది సువార్తమ్మ.

ఇంకా ఏమీ మొదలు కాలేదు. కూతురు శాలినిని చక్రాల కుర్చీలో ఆ తలుపు అవతలికి తీసుకెళ్ళి రెండు నిమిషాలు కూడా కాలేదు. కృపానందం ఫోనులోంచి తల ఎత్తకుండానే, “తెలుస్తుంది. అందుకేగా వేలికి క్లిప్పు పెడతారు” అన్నాడు.

“క్లిప్పు జారిపోతే?”

“నర్సు మళ్ళీ పెడుద్ది.”

“నర్సు అప్పుడే బయటికొస్తే?”

అతను ఈసారి తలెత్తాడు. “తలుపు పక్కనే కూర్చున్నావుగా. బయటికొస్తే పట్టుకుని లోపలికి తోసెయ్.”

పక్క కుర్చీలో ఉన్న పెద్దావిడ నవ్వింది. భద్రమ్మట, భవానీపురం నుంచి ఆయాసం ఉన్న మొగుణ్ణి చూపించడానికి తీసుకొచ్చిందట, కూర్చున్న నిమిషంలోనే చెప్పేసింది. “మీ ఆయన నయమమ్మా. మా ఆయనైతే ఈపాటికి నన్నే లోపల పడుకోబెట్టమనేవోడు.”

సువార్తమ్మ నవ్వలేదు. ముక్కులోంచి గొట్టం వేస్తారు, అది గొంతు దాటి ఊపిరితిత్తుల దాకా పోతుంది, అక్కడ ఉప్పునీళ్ళు పోసి ఆ నీళ్ళే మళ్ళీ లాగుతారు, లాగిన నీళ్ళను పరీక్షకి పంపుతారు. నలభై నిమిషాలన్నారు. పోసిన నీళ్ళన్నీ వెనక్కి రావని కూడా అన్నారు, కొన్ని లోపలే ఉండిపోతాయి, ఏం కాదన్నారు. నీళ్ళు ఊపిరితిత్తుల్లో ఉండిపోతే ఏం కాకుండా ఎలా ఉంటుంది? బందరు కాలువలో పడ్డవాళ్ళకి జరిగేది అదేగా. ఈ మాట కూడా పైకి అనబోయి ఆపుకుంది. ఇంట్లో ఆమె భయాలకి పేరు కూడా ఉంది, అమ్మ వార్తలు. గ్యాసు లీకవుతుందేమో, బస్సు బ్రేకులు పట్టవేమో, ఛార్జింగులో ఉన్న ఫోను పేలుతుందేమో. పొద్దున కాఫీతోపాటు చదివేస్తుంది అమ్మ, హెడ్‌లైన్స్ అయిపోయాయా అని శాలిని నవ్వేది. వాళ్ళకి తెలియని సంగతి ఒకటుంది. భయాన్ని పైకి అనేస్తే అది జరగదని సువార్తమ్మకి చిన్నప్పటినుంచీ ఒక నమ్మకం. ఎవరు నేర్పారో గుర్తులేదు. ప్రార్థనకి ముందు ఒక పని, అంతే, అనేయడం. అందుకే ప్రతిదీ అనేసేది. ఒక్కదాన్ని మాత్రం అనలేదు. పద్నాలుగు నెలలుగా అనలేదు.

మొన్న ఓపీలో డాక్టరు వినీల అడిగింది, “ఎప్పటినుంచి పడుతోందమ్మా రక్తం?” అని. చిన్న వయసు, చెవులకి చిన్న పోగులు, చేతిలో మూత లేని పెన్ను. కృపానందం ముందుకు వంగి చెప్పాడు, మూడు వారాలండీ, నేనే చూశాను, దగ్గితే వాష్‌బేసిన్లో. ఆయన చూసింది ఆయన చెప్పాడు. ఆయన తప్పేముంది, ఆర్టీసీ కండక్టరు, తెల్లవారుజామున అవనిగడ్డ బస్సెక్కితే పొద్దుపోయాక ఇంటికి. డాక్టరు అప్పుడు పెన్ను ఆమె వైపు తిప్పింది. “అంతకుముందెప్పుడూ లేదా అమ్మా?” లేదండీ, అంది సువార్తమ్మ. ఎంత తొందరగా అంది. అడిగిన మాట పూర్తవకముందే అంది. కూతురు పక్కనే కూర్చుని చున్నీ అంచు వేలికి చుట్టుకుంటోంది.

ఆ తర్వాతే డాక్టరు చీటీ వెనక్కి తిప్పి బొమ్మ వేసింది. ద్రాక్షగుత్తిలా గాలి తిత్తులు. ఒక్కో తిత్తిలో ఒక చుక్క. “ఇవి కాపలా కణాలు. దుమ్ము, పొగ, క్రిములు, ఏమొచ్చినా ఇవి తినేస్తాయి. లోపల రక్తం కారిందనుకోండి, దాన్నీ తినేస్తాయి. రక్తంలో ఇనుముంటుంది కదా, ఆ ఇనుము వీటిలోనే ఉండిపోతుంది.” ఇనుముకి గాలి తగిలితే ఏమవుతుందమ్మా అని స్కూలు టీచరులా అడిగింది. తుప్పండీ, అన్నాడు కృపానందం, బస్సు కింద రేకులు గుర్తొచ్చి కాబోలు. అవును, ఊపిరితిత్తుల్లో గాలికేం కొదవ, ఆ ఇనుము, ఆ గాలి కలిసి కణం చుట్టూ ఉండే కొవ్వు పొరను మాడ్చేస్తాయి, ఇంకో చోటి కణమైతే అలా మాడి చచ్చిపోతుంది, ఇవి మాత్రం అంత తేలిగ్గా చావవు అంది. ఇనుమును డబ్బాలో పెట్టినట్టు పెట్టి మూసేస్తాయట. మాడిన చోటును ఎప్పటికప్పుడు బాగుచేసుకుంటాయట. ఆ ఓర్పు వీటికే ఎందుకంత ఎక్కువో పెద్ద పెద్ద ల్యాబుల్లో ఇంకా వెతుకుతూనే ఉన్నారట. “కానీ దేనికైనా ఒక హద్దుంటుంది. రక్తం మళ్ళీ మళ్ళీ కారుతూ పోతే అవీ పగిలిపోతాయి. లోపల దాచిందంతా బయటపడి చుట్టుపక్కల మచ్చకడుతుంది. ఆ మచ్చ ఇక పోదు. అందుకే ఎప్పటినుంచి అని అంత గట్టిగా అడుగుతున్నాను. మొదటిసారైతే కొన్నాళ్ళు ఆగి చూడొచ్చు. పాతదైతే ఆగకూడదు, వెంటనే గట్టి మందు మొదలుపెట్టాలి.”

అప్పుడు చెప్పాల్సింది. ఆ మాట తర్వాత డాక్టరు ఆమె వైపే చూసింది కూడా. తను చూసింది డాక్టరు ఫోనులో ఫొటో. ఇలాంటివి కనిపిస్తాయేమో చూస్తాం అంటూ ఎవరివో కణాలు చూపించింది, గుండ్రంగా, లేత గులాబి మీద నీలం నీలంగా. ఇదే ఇనుమమ్మా, ఈ నీలమంతా. ఆ నీలం సువార్తమ్మకి తెలుసు. వారం వారం ఆడపిల్లల అరచేతుల్లో వేసే నీలం. ఊళ్ళో ఆశా కార్యకర్త తను, ఆ ఐరన్ మాత్రలు పంచేది తనే, మింగేదాకా ఎదురుగా నిలబడి నోరు తెరిపించి చూసేదీ తనే.

ఎయిత్‌లో ఉండగా, మూడేళ్ళ కిందట, శాలిని పాలిపోయింది. రక్తం ఏడు పాయింట్లన్నారు. సువార్తమ్మ ఇంకేం వింటుంది, వారానికి ఒకటి వేయాల్సిన మాత్ర పిల్లకి రోజూ వేసింది, కొన్నాళ్ళు రెండేసి వేసింది. అది చాలక ఆదివారం మేక కార్జం, మునగాకు పప్పు, రాగిజావ, ఖర్జూరాలు, పల్లీ చెక్కీలు. వద్దమ్మా కార్జం వాసనొస్తోందంటే ముక్కు మూసి పెట్టింది. రక్తం తొమ్మిదికి ఎక్కేది, మళ్ళీ ఏడుకి దిగేది. ఎక్కడికి పోతోందే నేను పెట్టిందంతా అని పిల్లను కసిరేది. ఎక్కడికి పోతోందో ఫోనులో చూపించారు మొన్న. తను పోసిన ఇనుమంతా పోయి పోయి పిల్ల ఊపిరిలో పేరుకుంది. ఆ కణాలు ఎంతని తింటాయి, ఎన్నని మూసిపెడతాయి, ఇటు తల్లి పోస్తూనే ఉంటే. రెండు రోజులుగా ఇదే. అన్నం కలుపుతుంటే ఇదే, ప్రార్థనకి మోకాళ్ళ మీద ఉంటే ఇదే. తన చేత్తో తనే.

“టీ తాగుతావా?” అన్నాడు కృపానందం.

“వద్దు. లోపల అది ఏమీ తాగకుండా ఉంది.”

“అది తాగకూడదు. నువ్వు తాగొచ్చు.”

“మీరెళ్ళండి తాగండి.”

“నేనెళ్తే ఈలోపు నువ్వు తలుపు బద్దలు కొట్టేస్తావు” అని కూర్చుండిపోయాడు. భద్రమ్మ సంచిలోంచి బత్తాయి తీసి ఒలుస్తోంది. ఒక తొన అందించింది. తీసుకోకపోతే బాగుండదని తీసుకుని చేతిలోనే పెట్టుకుంది సువార్తమ్మ. ఈ మంచి మనిషికి తెలిస్తే, పక్కన కూర్చున్నది ఎలాంటి తల్లో తెలిస్తే, కుర్చీ మారుతుందా. మారదు. మనుషులు ఎప్పుడు కుర్చీ మారతారో ఆమెకి బాగా తెలుసు.

వెంకటప్పయ్యగారి కుర్చీ. ఊళ్ళో టీకొట్టు ముందు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ, ఆయన కూర్చుంటే పక్కవాళ్ళు లేచిపోయే కుర్చీ. రెండేళ్ళ కిందట ఇంటింటి సర్వేలో ఆయన్ని అడిగింది తనే, రెండు వారాలకి మించి దగ్గుందా బాబాయ్, గళ్ళలో రక్తం పడుతోందా, బరువు తగ్గారా. గళ్ళ డబ్బా చేతికిచ్చి, పొద్దున్నే లేవగానే ఉమ్మండి, పళ్ళు తోమకముందే అని చెప్పి, సాయంత్రం తనే పట్టుకెళ్ళి ఇచ్చింది. టీబీ అని తేలింది. మందులు తెచ్చిచ్చింది, ఆరు నెలలు ఒక్క రోజు తప్పకుండా మింగించింది, నయమైంది. నయమైంది కానీ టీకొట్టులో ఆయన గ్లాసు వేరే మేకుకి వేలాడుతూనే ఉంది. మనవరాలి పక్కన బడిలో ఎవరూ కూర్చోలేదు. విషయం బయటికి ఎలా పోయిందో సువార్తమ్మకి ఇప్పటికీ తెలియదు. తను ఎవరితోనూ అనలేదు. కానీ వాళ్ళింటికి మందుల సంచితో రోజూ వెళ్ళేది తనేగా, చూసేవాళ్ళకి అంతకంటే ఏం చెప్పాలి. వెంకటప్పయ్య ఒక్క మాట అనలేదు. ఎదురొస్తే నమస్తే అమ్మా అంటాడు. ఆ నమస్తే వినలేక ఆమె వేరే వీధిలోంచి వెళ్ళడం మొదలుపెట్టింది.

ఆ తర్వాతి ఏడాది మే నెలలో శాలిని దిండు గలీబు మీద రూపాయి బిళ్ళంత ఎరుపు. పంటి చిగురమ్మా, అంది పిల్ల. పంటి చిగురే, అనుకుంది తల్లి. నెల తిరక్కుండా రుమాల్లో. ఆ రోజు సువార్తమ్మ సంచిలో పదకొండు గళ్ళ డబ్బాలున్నాయి. ఉన్నాయని తెలుసు, లెక్కపెట్టింది. ఒక్క డబ్బా, పిల్ల చేతికి ఒక్కటి ఇస్తే చాలు. ఇచ్చిందా? రుమాలు ఉప్పేసి చల్లటి నీళ్ళలో నానబెట్టింది. ఆ నెల సర్వే రిజిస్టరులో తన ఇంటి వరసకి వచ్చేసరికి పెన్ను ఆగలేదు కూడా. దగ్గు, లేదు. రక్తం, లేదు. బరువు తగ్గడం, లేదు. రెండువందల ఇళ్ళలో ఎవరింటి దగ్గరా అబద్ధం రాయలేదు ఆమె. తాగుబోతుల ఇళ్ళ దగ్గర కూడా రాయలేదు. ఒక్క తన ఇంటి దగ్గరే. ఇంతా చేసి మొన్న ఇక్కడ గళ్ళ పరీక్ష చేసి టీబీ కాదన్నారు. కాదట. ఆ రోజే డబ్బా ఇచ్చి ఉంటే ఆ రోజే కాదని తెలిసేది. దేనికి భయపడిందో అది లేనే లేదు, లేనిదానికి భయపడి ఉన్నదాన్ని పెంచింది.

ఇంకా ఉంది. అది తలుచుకోవద్దనుకుంటే ఇంకా ముందుకొస్తుంది. ఆగస్టు మొదటి ఆదివారం, చర్చిలో ప్రభువు బల్ల. శాలినికి బాప్తిస్మమయ్యాక అదే మొదటి బల్ల. తెల్ల పరికిణీ, తెల్ల ఓణీ, తలమీద ముసుగు, వరసలో నిలబడితే పావురంలా ఉందని కృపానందం గొణిగాడు. రొట్టె ముక్క తీసుకుంది, ద్రాక్షరసం ఉన్న చిన్న గాజు కప్పు ఎత్తింది, వెనక్కి వచ్చి కూర్చుంది. కీర్తన అందుకున్నారు. పిల్ల ఒంగి దగ్గింది, ఓణీ నోటికి అడ్డం పెట్టుకుంది, తీసేసరికి తెల్లటి దానిమీద ఎర్రగా. ముందు వరసలోంచి పాస్టరమ్మ రూతమ్మగారు వెనక్కి తిరిగి చూశారు. ఏంటమ్మా అది? ద్రాక్షరసం ఒలికిందండీ, అంది సువార్తమ్మ. బల్ల ఇంకా ఎత్తలేదు. రొట్టె ముక్క రుచి ఆమె నాలుక మీద అలాగే ఉంది. రూతమ్మగారు మంచావిడ, నమ్మేశారు. నిమ్మచెక్క రుద్ది ఎండలో వెయ్యమ్మా, లేకపోతే ఆ మరక పోదు అన్నారు. రక్తానికి నిమ్మకాయ రుద్దకూడదని సువార్తమ్మకి తెలియదా. తెలుసు. అయినా ఇంటికొచ్చి నిమ్మచెక్కే రుద్దింది, వీధిలోకి కనిపించే తీగ మీదే ఆరేసింది, ఆ దారిన పాస్టరమ్మగారు వెళ్తే చూడాలని. పసుపూ ఎరుపూ కాని తుప్పురంగు మరక అలాగే ఉండిపోయింది. ఆ రాత్రి శాలిని, ద్రాక్షరసం అన్నావేంటమ్మా అని అడగలేదు. అడిగితే ఏం చెప్పేదో. అడగలేదు గనక అదీ తెలియదు.

అబద్ధం చెప్పినవాళ్ళు నలుగురి ముందు ఒప్పుకోవాలని పాస్టరుగారు ఎన్నిసార్లు చెప్పలేదు. నలుగురంటే ఎవరు? ఈ పక్కన కూర్చున్న ఒక్కడికి చెప్పలేకపోతోంది. ఫోను చూసుకుంటున్నట్టున్నాడు గానీ బొటనవేలు కదలడం లేదు. మంచి మనిషి. చిల్లర తక్కువైనా మనిషిని దింపని కండక్టరు. చెబితే అరవడు, అరిస్తే బాగుండు. నాకెందుకు చెప్పలేదు అంటాడు, మెల్లగా. నీలం మాత్రల సంగతైతే చెప్పేయొచ్చు, తెలియక ఎక్కువ వేశానండీ అని ఏడవొచ్చు, ఆ నేరం పెద్దదే కానీ అందులో ప్రేముంది. ఈ రెండోదానిలో ఏముంది? మొన్నటినుంచీ మాత్రల గురించే ఎందుకంత కుమిలిపోతోందో ఇప్పుడు అర్థమైనట్టయింది ఆమెకి. రెండోదాన్ని తలుచుకోనక్కర్లేకుండా మొదటిదాన్ని పట్టుకుంది.

తలుపు తెరుచుకుంది. ఆమె లేచి నిలబడేసరికి చేతిలో తొన చితికి రసం మణికట్టు దాకా కారింది.

“అయిపోయిందమ్మా. పాప బాగానే ఉంది” అంది డాక్టరు వినీల, మాస్కు గడ్డం కిందికి లాగుతూ. “మగతగా ఉంది. గొంతుకి మత్తిచ్చాం, రెండు గంటలు నీళ్ళు కూడా పట్టొద్దు.”

“దేవుడికి స్తోత్రం” అన్నాడు కృపానందం.

“లాగిన నీళ్ళు కొంచెం తుప్పురంగులో ఉన్నాయండీ. కణాలు చూస్తేగానీ గట్టిగా చెప్పలేను. కానీ మూడు వారాల కథలా అనిపించట్లేదు నాకు.”

సువార్తమ్మ నోరు తెరిచింది. వచ్చింది ఇంకోటి. “ఆ నీలం నా మాత్రలదేనాండీ?”

“ఏ మాత్రలమ్మా?”

“ఐరన్ మాత్రలు. వారానికి ఒకటి వేయాల్సింది రోజూ వేశానండీ. రెండేసి కూడా వేశాను.”

డాక్టరు ఆమె చెయ్యి పట్టుకుంది, రసం అంటుతుందని కూడా చూడకుండా. “కాదమ్మా. ఆ నీలం మేము వేసే రంగు. ఇనుముంటే నీలంగా తేలేలా వేస్తాం. మీ మాత్రలు నోట్లోంచి అక్కడికి పోయి పేరుకోలేదు. అది అక్కడ కారిన రక్తంలోని ఇనుము. ఎక్కువ వేయడం తప్పే, కానీ ఈ జబ్బు మీరు తెచ్చింది కాదు.”

“చూశావా” అన్నాడు కృపానందం. “రెండు రోజులుగా తిండి మానేసింది మేడం, ఇదా సంగతి.”

ఎంత తేలికైపోవాలి. కాలేదు. మాత్రలను ఆమె చేతుల్లోంచి తీసేసుకున్నారు, ఇక చేతుల్లో ఒక్కటే మిగిలింది. లోపల ఆ కణాలు పిల్లను కాపాడటానికి నిప్పును మింగి నోరు మూసుకున్నాయి. తను ఎవరిని కాపాడటానికి మూసుకుంది? టీకొట్టు మేకుకి వేలాడే గ్లాసులు, పాస్టరమ్మగారి చూపు, ఆశా సువార్తమ్మ ఇంట్లోనే అట అనే మాట.

“మూడు వారాలు కాదండీ” అంది.

డాక్టరు చెయ్యి వదల్లేదు.

“పోయిన సంవత్సరం మే నుంచి. పద్నాలుగు నెలలు. నేను చూశాను. నెలకి ఒకసారో రెండుసార్లో. టీబీ అనుకున్నాను. ఊళ్ళో తెలుస్తుందని... గళ్ళ డబ్బాలు నా సంచిలోనే ఉన్నాయండీ. ఇవ్వలేదు. మొన్న మీరడిగితే లేదన్నాను.” ఇవన్నీ డాక్టరుకి చెబుతోంది గానీ పక్కన నిలబడ్డ మనిషి చొక్కా రెండో గుండీని చూస్తోంది. ఆ గుండీ ఒకసారి పైకి లేచి దిగింది. ఫోను జేబులో పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

“రండి” అంది డాక్టరు. గొంతులో కోపం లేదు, ఓదార్పూ లేదు. “పాపని కూడా అడగాలి నేను.”

శాలిని పక్కకి తిరిగి పడుకుని ఉంది. వేలికి క్లిప్పు, ముక్కుకి గొట్టం, పెదవులు ఎండి ఉన్నాయి. కృపానందం మంచం దాకా రాకుండా కిటికీ దగ్గర ఆగిపోయాడు, వీపు ఇటు. సువార్తమ్మ దుప్పటి మీంచి పిల్ల పాదం పట్టుకుంది. డాక్టరు స్టూలు లాక్కుని, మొహం మొహానికి దగ్గరగా వచ్చేలా కూర్చుంది.

“శాలినీ, అమ్మ అంతా చెప్పింది. పోయిన మే నుంచి అంది. నువ్వు చెప్పు, మొదటిసారి నువ్వెప్పుడు చూసుకున్నావు? నిజం చెబితే మందు సరిగ్గా ఇస్తాను, అంతే. ఎవరూ ఏమీ అనరు.”

శాలిని కళ్ళు తెరిచి తల్లిని చూసింది, మళ్ళీ మూసుకుంది. క్లిప్పు తగిలించిన పెట్టెలో ఆక్సిజన్ అంకె తొంభై నాలుగు అయింది, తొంభై ఐదు అయింది. బయట కారిడార్లో స్ట్రెచరు చక్రాలు వెళ్ళిపోయాయి, వాటి వెనకాల ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళారు. దిండు గలీబే మొదలండీ, మే నెల, నాకు బాగా గుర్తు, అని చెప్పబోయింది సువార్తమ్మ. డాక్టరు ఆమె వైపు చూడకుండానే అరచెయ్యి ఎత్తి ఆపింది. పాదం చల్లగా ఉంది. వేళ్ళు ఒక్కొక్కటే రుద్దింది. మత్తుకి మొద్దుబారిన పిల్ల గొంతు, మాట రాదేమో, మాట ఇక ఎప్పటికీ రాదేమో, ఈ భయాన్ని పైకి అనలేదు. కృపానందం వీపు కదల్లేదు. తొంభై ఐదు. మళ్ళీ తొంభై నాలుగు. డాక్టరు పెన్ను కాగితం మీద ఒకేచోట ఆగి సిరా చుక్కగా పెద్దదవుతోంది.

“ఎయిత్‌లో మేడం” అంది శాలిని, బొంగురుగా, కళ్ళు తెరవకుండా. “ఆటల పీరియడ్లో. అమ్మ భయపడుద్దని చెప్పలేదు.”